గువ్వలచెరువు కుక్క కడపలో మా ఇంటికి వచ్చిన క్రమం: నా అనుభవం

కడపలో కుక్కను పెంచుకోదలచినవారు సాధారణంగా రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వేలకు వేలు పోసి జాతి కుక్కపిల్లను తెప్పించుకుంటారు. లేదా వీధిలో ఈనిన కుక్క పిల్లల్లో కాస్త బొద్దుగా ఉన్న మగపిల్లను చూసి ఎత్తుకొస్తారు. మంచు దేశాల్లో బండ్లు లాగడానికి పనికొచ్చే హస్కీని, ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండ కాసే ఊరికి తెచ్చి, పగలంతా ఏసీ గదిలో బంధించి పెంచేవారిని నేను ఎరుగుదును. వీధి నుంచి తెచ్చిన ఆడపిల్ల మొదటిసారి ఎదకు రాగానే తిరిగి వీధిలోకే చేరడమూ చూశాను. మేము ఈ రెండు దారులూ వదిలి, ఎవరో కాపాడి, వైద్యం చేయించి, తీసుకునే ఇల్లు దొరక్క తమ దగ్గరే ఉంచుకున్న ఎదిగిన కుక్కను తెచ్చుకున్నాము. 2024 జనవరిలో మొదలైన ఆ వ్యవహారం ఎలా సాగిందో, అందులో ఏయే సంగతులు కుక్క గడప తొక్కక మునుపే తేల్చుకోవలసి వచ్చాయో రాస్తే, ఇదే ఆలోచనలో ఉన్న మరికొందరికి పనికివస్తుందని అనుకుంటున్నాను.

మా ఇంట్లో నలుగురం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మావారు ఆఫీసు ఉద్యోగి. బాబు అప్పట్లో ఏడవ తరగతి చదువుతున్నాడు. మా అత్తగారికి డెబ్బై దాటాయి, చేతికర్ర లేనిదే అడుగు వేయలేరు. పిల్ల వద్దు, పెద్దదే కావాలని మేము మొదటి నుంచీ అనుకోవడానికి ఆ చేతికర్రే కారణం. పళ్లు వచ్చే దశలో ఉన్న కుక్కపిల్ల చీర కుచ్చెళ్లు పట్టుకుని లాగుతుంది, కాళ్లకు అడ్డం పడుతుంది, బండల మీద ఎక్కడ పడితే అక్కడ పోస్తుంది. తడిసిన బండ మీద కాలు జారితే ఆ వయసులో తుంటి ఎముక విరగడమే. అదీగాక, రెండు నెలల పిల్లను చూసి అది పెరిగి ఎంతవుతుందో, ఏ స్వభావంతో తేలుతుందో ఎవరూ చెప్పలేరు. ఎదిగిన కుక్క ఎంతుందో, దేనికి ఉలిక్కిపడుతుందో, అన్నం దగ్గర ఎలా ఉంటుందో ముందే కనిపిస్తుంది. "చిన్నప్పటి నుంచి పెంచితేనే మనదవుతుంది" అని చెప్పని బంధువు లేడు. వేళకు అన్నం పెట్టి, తిరగడానికి తీసుకుపోయి, భయపెట్టకుండా ఉండే మనిషికి కుక్క ఏ వయసులోనైనా అలవాటు పడుతుందని ఇప్పుడు నేను ధైర్యంగా చెప్పగలను.

నగర శివార్లలో, రాయచోటి వైపు పోయే దారిలో, కొందరు యువకులు ఒక తోట యజమాని ఇచ్చిన జాగాలో రేకుల షెడ్డు వేసి గాయపడిన కుక్కలను చూసుకుంటున్నారు. మేము తెచ్చుకున్న కుక్క అదే దారిలో, ఘాటు రోడ్డు దగ్గరున్న గువ్వలచెరువు అనే ఊళ్లో పాలకోవా దుకాణాల ముందు తిరిగేదట. లారీ తగిలి వెనుక కుడికాలు విరిగితే, దుకాణదారు ఒకరు ఫోను చేస్తే వీరు వెళ్లి తెచ్చారు. మామూలుగా వీధికుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబీస్ టీకా అయ్యాక పట్టుకొచ్చిన చోటే తిరిగి వదలాలి. 2001 నాటి నియమాల స్థానంలో 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు కూడా ఆ మాటే చెబుతాయి. ఒక వీధిలోని కుక్కలను ఏరివేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి కనుక ఆ పద్ధతి సబబే. కానీ వంకరగా అతికిన కాలితో ఘాటు రోడ్డు మీద లారీలను తప్పించుకు తిరగడం ఏ కుక్కకూ సాధ్యం కాదు. అందువల్ల దానికి ఇల్లు వెతుకుతున్నారు. వయసు సుమారు రెండేళ్లని పళ్లు చూసి అంచనా వేశారు. గోధుమ రంగు ఒళ్లు, నల్లని మూతి, శస్త్రచికిత్స అయిందనడానికి గుర్తుగా చెవి కొసన చిన్న గాటు. అక్కడివారు రోసీ అని పిలుస్తుండేవారు. తనను పిలుస్తున్నారని దానికి తెలిసిన మాట అదొక్కటే కనుక మేమూ ఆ పేరు మార్చలేదు.

వెళ్లిన రోజే కుక్కను చేతిలో పెడతారనుకుంటే పొరపాటు. ముందుగా ఒక దరఖాస్తు ఇచ్చారు. సొంత ఇల్లా, అద్దె ఇల్లా. అద్దెదైతే యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడా. పగటిపూట ఇంట్లో ఎవరుంటారు. ప్రహరీ ఎంత ఎత్తు. కుక్కను ఎక్కడ పడుకోబెడతారు. ఇదివరకు పెంచిన కుక్క ఉంటే అది ఏమైంది. బదిలీ అయితే వెంట తీసుకుపోతారా. ఇంట్లో ప్రతి పెద్దమనిషీ సంతకం చేస్తారా. కుక్కను ఉద్ధరించబోతున్న మమ్మల్ని ఇన్ని ప్రశ్నలు వేస్తారా అని మావారికి కొంత చిరాకు కలిగింది. షెడ్డులో ఒక మూల ఉన్న నాలుగైదు కుక్కలను చూపించి, అవి ఇలా ముచ్చటపడి తీసుకుపోయినవారు తిరిగి తెచ్చి దింపినవేనని అక్కడి యువకుడు చెప్పిన తరువాత ఆయన మరి మాట్లాడలేదు. ఒప్పంద పత్రంలో అన్నిటికంటే ముఖ్యమైన షరతు కూడా దానికి సంబంధించినదే: ఏ కారణం చేతనైనా పెంచలేకపోతే తిరిగి తమకే అప్పగించాలి తప్ప వీధిలో వదలకూడదు, మరొకరికి ఇచ్చివేయకూడదు.

సంతకాల దగ్గర వచ్చింది అసలు చిక్కు. మా అత్తగారు మడి కట్టుకుని పూజ చేసే మనిషి. "కాలభైరవుడి వాహనమే అయితే గుడి వాకిట్లో ఉంటుంది గానీ గర్భగుడిలోకి పోతుందా? ఇంట్లోకి కుక్కను తెచ్చుకునేదేందమ్మా, వాకిట్లో ఉంటే సాలదా?" అన్నారు. ఆమెను వాదించి గెలవడం, లేదా తెచ్చేస్తే ఆమే అలవాటు పడుతుందిలే అనుకోవడం తేలిక. అలా తెచ్చిన కుక్క జీవితమంతా ఎవరో ఒకరు విదిలించుకునే ప్రాణిగా మిగులుతుంది. అందుకని ఆమెతో కూర్చుని హద్దులు మాట్లాడుకున్నాము. వంటగది, పూజగది, ఆమె పడుకునే గది కుక్కకు నిషిద్ధం. నడవ, ముందుగది, వసారా, పెరడు దాని చోట్లు. వంటగది గుమ్మానికి మోకాలెత్తు చెక్క తలుపు ఒకటి వడ్రంగి చేత పెట్టించాము. కుక్క గిన్నెలు జాలాడి దగ్గర విడిగా కడగాలి, వంటపాత్రల్లో కలపకూడదు. ఈ షరతులన్నీ ఒప్పుకున్నాకనే ఆమె సంతకం పెట్టారు. ఇన్నాళ్లకూ వాటిలో ఒక్కటి సడలలేదు, సడలించమని మేము అడగనూ లేదు. రోసీ కూడా ఆ చెక్క తలుపు తెరిచి ఉన్నప్పుడు సైతం దాని ఇవతలే నిలబడుతుంది. ఎంతవరకు పోవచ్చో ఎప్పుడూ ఒకేలా ఉంటే కుక్క చాలా త్వరగా నేర్చుకుంటుంది. ఒకరు రానిచ్చి మరొకరు అదిలించే ఇళ్లలోనే దానికి అయోమయం.

ఇరుగుపొరుగు సంగతి దరఖాస్తులో లేదు, కానీ ఉండవలసింది. మా మిద్దె, పక్కింటివారి మిద్దె ఆనుకుని ఉంటాయి, నడుమ ఉన్నది చిన్న పిట్టగోడ. వారు ముస్లింలు, ఐదు పూటలా నమాజు చేసే కుటుంబం. కుక్క లాలాజలం తగిలిన బట్టలతో వారు నమాజుకు నిలబడరు. మా అత్తగారి మడికీ, వారు పాకీ అనే నమాజు శుద్ధికీ అవసరమైన జాగ్రత్త దాదాపు ఒక్కటేనని నాకు అప్పుడే తట్టింది. ఆ ఇంటి పెద్దాయనను కలిసి విషయం చెప్పాము. పిట్టగోడ మీద ఇనుప జాలీ వేయించుకుంటామనీ, వారు బట్టలు ఆరేసే వేళ కుక్కను మిద్దెపైకి వదలమనీ మాట ఇచ్చాము. ఆయన అడిగినది ఒక్కటే, మనవలను కరిస్తే ఏం చేయాలని. టీకా కార్డు చూపించాను. అయినా సరే, ఏ కుక్క పన్ను దిగినా ముందు ఆ గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలనీ, పసుపో కారమో సున్నమో పూయకూడదనీ, టీకా వేయించిన కుక్కే కదా అని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలనీ చెప్పాను. రేబీస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కరిచిన వెంటనే టీకా వేయించుకుంటే ఆ జబ్బు రాకుండా ఆపడం దాదాపు ఖాయం. బడిలో పిల్లలకు ప్రతి ఏడాదీ చెప్పే పాఠమే అది. పక్కింటి వారితో ఇలా మాట్లాడుకోవడం వల్ల కలిగిన మేలు తరువాత తెలిసింది. రోసీ ఎప్పుడు మొరిగినా ఫిర్యాదుగా కాక, ఏమైందని అడగడానికి ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు తొంగిచూసేవారు.

ఇంటికి తేవడానికి ముందు కొన్ని ఆదివారాలు షెడ్డుకు వెళ్లి దాని దగ్గర కూర్చోమన్నారు. చేతులు చాచి పిలవవద్దు, కళ్లలోకి తేరిపార చూడవద్దు, తల మీద చెయ్యి వేయవద్దు అన్నారు. పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, చెయ్యి తొడ మీద పెట్టుకుని, అదే వచ్చి వాసన చూసేదాకా ఆగాలి. మనుషుల పలకరింపు మర్యాద కుక్కకు బెదిరింపుగా కనిపిస్తుంది. తోక ఊపడమే సంతోషమని అందరం అనుకుంటాము. తోక కిందికి దించి గబగబా ఊపేది బెరుకుతోనూ కావచ్చు, పైకి బిగించి మెల్లగా ఆడించేది హెచ్చరికగానూ కావచ్చు. తిండి లేకుండానే పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది, కాస్త దూరం జరగండి" అనే సూచనలు. వీటిని గమనించకుండా మీద మీదికి పోయేవారినే కుక్కలు కరుస్తాయి. మా బాబుకు ఇది నాకంటే ముందే పట్టుబడింది. వాడు పుస్తకం తెచ్చుకుని అక్కడే చదువుకుంటూ కూర్చునేవాడు. వెళ్లిన ప్రతిసారీ రోసీ మరికొంచెం దగ్గరగా వచ్చి పడుకునేది.

ఇంటికి వచ్చిన రోజున దాన్ని బాధించింది మనుషులు కాదు, నేల. మా ఇంట్లో, ఈ ఊళ్లో సగం ఇళ్లలో లాగానే, యర్రగుంట్ల వైపు నుంచి వచ్చిన నల్లని కడప బండలు నున్నగా పాలిష్ పట్టించి పరిచి ఉన్నాయి. మట్టి మీద, తారు మీద తప్ప నడిచి ఎరుగని కుక్కకు, అందులోనూ ఒక కాలు సరిగా ఊనలేని దానికి, ఆ బండలు అద్దం మీద నడక వంటివి. వసారాలో రెండడుగులు వేసి, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారి, అక్కడే చతికిలబడి వణికింది. గోనె సంచులు విప్పి, చివరలు కుట్టి, వసారా నుంచి పెరటి తలుపు దాకా బాటలా పరిచాము. మొదటి వారమంతా అది ఆ బాట దిగలేదు. తరువాత గోనెల మధ్య ఎడం పెంచుకుంటూ పోయాము. గోళ్లు కత్తిరించడం, అరికాళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు తీయడం కూడా పట్టు దొరకడానికి ఉపకరించింది.

కొత్తగా వచ్చిన కుక్క పారిపోయే ప్రమాదం మొదటి రోజుల్లోనే ఎక్కువని షెడ్డు వారు పదే పదే చెప్పారు. భయపడిన కుక్క వెనక్కి గుంజుకుంటే మెడపట్టీ తల మీదుగా జారిపోతుంది. అందువల్ల ఛాతీ చుట్టూ బిగించే హార్నెస్ కొని, దానికి మా ఫోను నంబరు చెక్కించిన బిళ్ల తగిలించాము. గేటు తెరవడానికి ముందు వసారా తలుపు వేయాలన్న నియమం ఇంటిల్లిపాదికీ, పాలు పోసే అతనికి కూడా వర్తించింది. మలమూత్రాల విషయంలో పెద్ద కుక్కను తేవడంలోని సుఖం తెలిసింది. తాను పడుకునే చోట పాడుచేయడం కుక్క స్వభావంలో లేదు. తెల్లవారుజామున, అన్నం తిన్న తరువాత, రాత్రి పడుకోబోయే ముందు పెరట్లోకి తీసుకుపోయి, పని కానిచ్చాక చిన్న గుడ్డు ముక్క పెడుతూ వచ్చాము. కొద్ది రోజుల్లోనే వేళలు కుదిరాయి.

చేతికర్ర మాట ముందే చెప్పాను. మా అత్తగారి కర్ర బండ మీద టక్కుమన్న ప్రతిసారీ రోసీ దివాను కిందికి దూరేది. ఎవరో ఎప్పుడో కర్రతో కొట్టి ఉంటారు. కొత్త కోడలి లాగా కాలక్రమేణా అదే సర్దుకుంటుందని ఇంట్లో కొందరు అన్నారు కానీ, భయం అలా వదలదు. భయపెట్టే వస్తువు కనిపించినప్పుడల్లా దానికి ఇష్టమైనదేదో దొరుకుతూ పోవాలి, అదీ అది తట్టుకోగలిగినంత దూరం నుంచి మొదలుపెట్టాలి. మొదట కర్రను నడవ చివర గోడకు ఆనించి, ఈ చివర అన్నం పెట్టాము. మెల్లమెల్లగా గిన్నె దగ్గరకు జరిగింది. తరువాత మా అత్తగారు కుర్చీలో కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, జొన్నరొట్టె తుంపి ముక్కలు కింద పడేసేవారు. చేతితో పెట్టరు, అది మాట ప్రకారమే. నెలలు గడిచాక కర్ర టక్కుమంటే రోసీ తల ఎత్తి చూసి మళ్లీ పడుకోవడం మొదలుపెట్టింది. అయినా కర్ర పైకి లేస్తే మాత్రం, దేనికోసం లేచినా సరే, ఇప్పటికీ అక్కడి నుంచి తప్పుకుంటుంది. ఆ భయం పూర్తిగా పోతుందని నేననుకోను, పోకపోయినా ఇబ్బంది లేదు.

వైద్యం మాటకు వస్తే, రేబీస్ టీకా షెడ్డులోనే అయింది. పార్వో, డిస్టెంపర్ మొదలైన జబ్బులకు కలిపి ఇచ్చే టీకా రెండో మోతాదు మేము వేయించాము. మూడు నెలలకోసారి నులిపురుగుల మాత్ర, ఏడాదికోసారి టీకాల పునశ్చరణ, వీటిలో పెద్ద విశేషం లేదు. విశేషమంతా పిడుదులతో వచ్చింది. వేసవి ముదరక ముందే రోసీ అన్నం మానేసింది, చిగుళ్లు పాలిపోయాయి, ఒళ్లు కాలింది. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి కనిపించాయి. పిడుదు కాటుతో సోకే ఎర్లీకియా అనే బాక్టీరియా వల్ల వచ్చే జ్వరమది, మన ప్రాంతపు కుక్కల్లో ఎక్కువే. డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు వేయాలన్నారు. ఖాళీ కడుపున వేస్తే వాంతి అవుతుంది, పాలూ పెరుగూ కలిపి ఇస్తే మందు ఒంటపట్టడం తగ్గుతుంది. అందుకని మాత్రను ఉడికిన కోడి ముక్కలో పెట్టి ఇచ్చి, పెరుగన్నం పూటను దానికి చాలా దూరంగా జరిపాము. నాలుగో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, తోక ఊపుతుంది. చాలామంది అక్కడే మందు ఆపేస్తారని, జబ్బు లోపల దాగి తిరగబెడుతుందని పశువైద్యుడు ముందే హెచ్చరించారు.

కుక్కకు మందు వేసి ఊరుకుంటే పిడుదులు పోవు. గోధుమ రంగు కుక్క పిడుదు ఇంటి లోపలే బతకగలదు. రక్తం తాగిన ఆడ పిడుదు కుక్క మీద నుంచి దిగి, గోడ పగుళ్లలోనో తలుపు చట్రాల వెనుకనో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. మా పాత గోడల పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించాము, గోనె సంచులను మరిగే నీళ్లలో ముంచి ఎండలో ఆరేశాము, పశువైద్యుడు రాసిచ్చిన నమిలే మాత్ర వేళ తప్పకుండా వేశాము. చేత్తో పీకిన పిడుదును నేల మీద నలిపేయడం ఈ ప్రాంతంలో అందరికీ అలవాటు. అలా చేయకుండా, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి, సబ్బునీళ్ల సీసాలో వేయడం మేలు.

కాలి విషయం తేల్చుకోవడానికి ప్రొద్దుటూరు వెళ్లాము. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ప్రొద్దుటూరులో ఉండడం ఈ జిల్లా వారికి పెద్ద వసతి. పాడి రైతులకు తెలిసినంతగా కుక్కలు పెంచేవారికి అది తెలియదు. ఎక్స్‌రే చూసి, ఎముక వంకరగానే అయినా గట్టిగా అతికిందనీ, మళ్లీ విరగ్గొట్టి రాడ్డు వేయడం వల్ల కలిగే లాభం కంటే బాధే ఎక్కువనీ అన్నారు. బరువు పెరగనీయవద్దు, మెట్లు ఎక్కువగా ఎక్కించవద్దు, రోజూ నడిపించండి అని చెప్పి పంపారు. ఆపరేషన్ లేకుండా పంపినందుకు మావారు తేలికపడ్డారు. నాకు మాత్రం బరువు పెరగనీయకపోవడమే అన్నిటికంటే కష్టమని అప్పుడే అనిపించింది.

ఎందుకంటే మన వీధుల్లో కుక్కకు పెట్టడం ఎవరూ మానరు. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి గోడ మీది నుంచి మటన్ బొక్కలు, కోడి ఎముకలు వచ్చి పడేవి. పచ్చి ఎముక కంటే ఉడికిన ఎముకే ప్రమాదం. అది పుల్లలుగా చీలి పేగులను గీరుతుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కనుక, మన ఇళ్లలో మిగిలిన ఏ కూరా పులుసూ దానికి పనికిరాదన్నమాటే. ద్రాక్ష, చాక్లెట్ కూడా అంతే. రోసీకి పొద్దున ఉప్పు లేని రాగిసంగటిలో ఉడికించిన గుడ్డు, సాయంత్రం అన్నంలో కోడి మాంసం, గుమ్మడికాయ ముక్కలు. పండుగకు ఓళిగ పెట్టకపోతే దిష్టి తగులుతుందని ఎదురింటి అవ్వ బాధపడింది. చిటికెడంత పెట్టమని ఆమె చేతికే ఇచ్చాను.

వేసవిలో కడప బండలే మాట మార్చాయి. లోపలి బండలు చల్లగా ఉంటాయి కనుక రోసీ గోనెలు వదిలేసి మధ్యాహ్నమంతా వాటి మీదే వెల్లకిలా పడుకునేది. పెరట్లో ఎండలో ఉన్న అవే బండలు దాని అరికాళ్లను కాల్చేస్తాయి. ముంజేతి వెనుక భాగాన్ని బండకు ఆనించి కొద్ది క్షణాలు ఓర్చుకోలేకపోతే కుక్కను దాని మీద నడిపించకూడదు. తెల్లవారి ఆరు లోపల, రాత్రి ఎనిమిది దాటాక మాత్రమే తిప్పేవాళ్లం. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు, రొప్పడమే దాని చల్లదనం. రొప్పు ఆగకుండా, నాలుక ముదురు ఎరుపై, తూలుతూ ఉంటే వడదెబ్బే. పొట్ట, కాళ్ల మీద మామూలు నీళ్లు పోస్తూ, ఫ్యాను గాలి తగిలిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మాకు ఆ అవసరం రాలేదు గానీ, పక్కవీధిలో గొలుసుతో ఎండలో కట్టేసిన లాబ్రడార్ ఒకటి ఆ మే నెలలోనే చనిపోయింది.

చప్పుళ్ల భయం మాత్రం మా చేతుల్లో లేని సంగతి. దీపావళి ఒకటి, పెళ్లి ఊరేగింపుల్లో బాణసంచా ఒకటి, పీర్ల పండుగ తప్పెట్లు ఒకటి. అలాంటి రాత్రుల్లో ముందుగానే తిప్పి తెచ్చి, కిటికీలు లేని నడిమి గదిలో ఫ్యాను పెట్టి, దివాను కింద దాని చోటు దానికి వదిలేస్తాము. దగ్గరకు వస్తే పక్కన కూర్చుంటాము, రాకపోతే బయటికి లాగము.

2022లో భారత జంతు సంక్షేమ మండలి వీధి జంతువుల దత్తతకు ఒక పద్ధతిని రూపొందించింది. ఆ తరువాత 2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, కుక్కలను దత్తత తీసుకోదలచినవారు నగర పాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చనీ, అలా తీసుకున్న కుక్క తిరిగి వీధికి రాకుండా చూసే బాధ్యత వారిదేననీ ఉంది. ఆ వార్త వచ్చిన వారమంతా మా బడిలో, ఆఫీసులో చాలామంది మమ్మల్ని వివరాలు అడిగారు. వారిలో ఇద్దరు షెడ్డు దాకా వెళ్లారు, ఒకరు తెచ్చుకున్నారు. రెండో ఆయన ఇంట్లో తల్లి ఒప్పుకోలేదని ఆగిపోయారు. ఆగిపోవడమే మంచిదని నేనన్నాను.

దరఖాస్తులో లేని మరో ప్రశ్న ఈ మధ్య ఎదురైంది. మావారి అక్క కూతురి పెళ్లికి అందరమూ నంద్యాల వెళ్లవలసి వచ్చింది. అంతవరకు ఎవరో ఒకరం ఇంట్లో ఉండిపోయేవాళ్లం. డబ్బు తీసుకుని కుక్కలను ఉంచుకునేవారు ఉన్నారు గానీ, బోనులో పెడతారని తెలిసి మనసొప్పలేదు. షెడ్డు యువకులలో ఒకరు రాత్రిళ్లు మా వసారాలో పడుకోవడానికి ఒప్పుకున్నాడు. పగటి పూట నీళ్లు, అన్నం సంగతి పక్కింటి పెద్దాయన పెద్ద మనవడు చూసుకుంటానన్నాడు. గిన్నెలో అన్నం వేసి, తొట్టి నింపి, తాకకుండా వచ్చేయాలని వాళ్ల తాత వాడికి చెప్పి పంపారు. మేము వచ్చేసరికి వాడు తొట్టి నింపిన వేళలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి పెట్టాడు. రెండో రోజు మధ్యాహ్నం నీళ్లు సగమే తాగిందని కింద ప్రత్యేకంగా గమనిక కూడా ఉంది. వచ్చే నెల రేబీస్ టీకా గడువు ఉంది. ఆసుపత్రికి తనూ వస్తానని అడుగుతున్నాడు.